యాంటీబయాటిక్స్‌కు లొంగని బాక్టీరియా జీవపరిణామానికి సాక్ష్యమేనా? "బాక్టీరియా బాక్టీరియాగానే ఉందిగా" అంటే ఏం చెప్పాలి?

విభాగం: సైన్స్ / జీవశాస్త్రం

#1 పాలకొల్లు_ప్రసాద్

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒకటే వాదన. "పరిణామం ఉత్త ఊహ, ఎవరూ కళ్లతో చూడలేదు" అని మా బావగారు పెట్టారు. మావాడు "యాంటీబయాటిక్స్‌కి లొంగని బాక్టీరియా పుట్టుకురావడం పరిణామమే కదా మామయ్యా, అది చూస్తూనే ఉన్నాం" అన్నాడు. "అది మందుకు అలవాటు పడటం అంతే, బాక్టీరియా ఇప్పటికీ బాక్టీరియాగానే ఉంది" అని ఆయన జవాబు.

నేను కామర్స్ చదివినవాణ్ని. ఎవరి మాట ఎంతవరకు నిజమో సాక్ష్యాలతో చెప్పగలరా? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం భాగం తీసేశారు. ఆ పుస్తకాలు చదివే పిల్లల్లో ఇంటర్‌లో బయాలజీ తీసుకోనివాళ్లకు ఇది ఎక్కడా తగలదు. అందుకే వివరంగా అడుగుతున్నాను.

#2 మైక్రో_మాధవి

ప్రసాద్ గారూ, మీ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. అయితే ముందు ఆ "అలవాటు" సంగతి తేల్చాలి. "ఆ మాత్ర నా ఒంటికి అలవాటైపోయింది, ఇక పనిచేయదు" అని మన ఇళ్లలో తరచూ అంటుంటారు. యాంటీబయాటిక్ విషయంలో మారేది మన ఒళ్లు కాదు, బాక్టీరియా. అది కూడా మందును చూసి ఒక్కో బాక్టీరియా తనను తాను మార్చుకోదు. కోట్ల బాక్టీరియాలో ఏ కొన్నింటికో ఆ మార్పు ముందే వచ్చి ఉంటుంది. మందు పడ్డాక మిగతావి చస్తాయి, ఆ కొన్ని మిగిలి పెరుగుతాయి. తర్వాతి తరాలన్నీ వాటి సంతానమే.

ఈ తేడాను 1943లోనే సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ పరీక్షించి చూశారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియాను విడివిడి గొట్టాల్లో పెంచి, ఒక్కో గొట్టంలోని బాక్టీరియాను ఒక్కో ప్లేటులో వాటిని చంపే వైరస్‌తో కలిపారు. వైరస్ తగిలాకే బాక్టీరియా మారుతుందనుకుంటే అన్ని ప్లేట్లలోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో బతకాలి. అలా జరగలేదు. చాలా ప్లేట్లలో ఒక్కటీ బతకలేదు, లేదా ఏ రెండో మూడో బతికాయి. కొన్నింట్లో మాత్రం వందల్లో బతికాయి. ఆ గొట్టాల్లో మార్పు వైరస్ తగలక ముందే ఎప్పుడో తొలి తరాల్లో వచ్చి, దాని సంతానం అంతా పెరిగి ఉంది. లెక్కలన్నీ దానికే సరిపోయాయి.

1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఇంకా సూటిగా చూపించారు. మందు లేని ప్లేటు మీద బాక్టీరియా పెంచి, దాని మీద వెల్వెట్ గుడ్డ అద్ది, అదే గుడ్డను స్ట్రెప్టోమైసిన్ ఉన్న ప్లేట్ల మీద అద్దారు. మందు ప్లేట్లలో ఏ చోట బాక్టీరియా బతికిందో చూసుకుని, మొదటి ప్లేటులో సరిగ్గా అదే చోటు నుంచి బాక్టీరియా తీశారు. అవి ఎన్నడూ మందు ముఖం చూడనివి. వాటిలోనే లొంగని రకం దొరికింది.

డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే. ముందు తేడాలు ఉండాలి, అవి సంతానానికి రావాలి, పరిస్థితి కొన్నింటిని మిగల్చాలి. మూడూ ఇక్కడ చేతికి అందే దూరంలో ఉన్నాయి.

#3 భీమవరం_శ్రీను

మేడం, మీరు చెప్పింది మాకు బాగా అర్థమైంది. వల కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. చేపను చిన్నది చేసింది వల కాదు, మిగిల్చింది వల. ఏటా అలాగే పడితే ఆ నీళ్లలో చిన్న రకమే మిగులుతుంది.

మాది రొయ్యల సాగు. తెల్లమచ్చ వచ్చిందంటే టెన్షన్‌తో ఎవరేం చెప్తే అది మేతలో కలిపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెల్లమచ్చ వైరస్ రోగం. దానికి యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? రొయ్య ఎలాగూ దక్కదు. చెరువులో ఉన్న వేరే బాక్టీరియా మాత్రం ఆ మందుకు లొంగనిది తయారవుతుంది. పైగా రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు తేలితే కంటైనర్ మొత్తం తిప్పి పంపేస్తారు.

#4 నిజం_కావాలి

ప్రసాద్ గారి బావగారి వైపు నుంచి అడుగుతాను. లొంగని బాక్టీరియా మిగలడాన్ని నేను కాదనను. కానీ అందులో కొత్తగా వచ్చిందేముంది? మందు లోపలికి వెళ్లే దారి పాడైపోతే మందు పనిచేయదు. అది పోగొట్టుకోవడం, సాధించడం కాదు. ఉన్నది పాడవడం ద్వారా బాక్టీరియా నుంచి మనిషి దాకా ఎలా వస్తారు? వ్యంగ్యంగా కాదు, నిజంగానే అడుగుతున్నాను.

#5 జన్యు_రవి

మంచి ప్రశ్న. మీరన్నది కొన్ని చోట్ల నిజం కూడా. టీబీ మందు ఐసోనియజిడ్ సంగతే చూడండి. అది లోపలికి వెళ్లాక, టీబీ క్రిమిలోనే ఉండే ఒక ఎంజైమ్ దాన్ని చురుకైన మందుగా మారుస్తుంది. ఆ ఎంజైమ్ జన్యువు (కాట్‌జీ) చెడిపోతే మందు చురుకవదు, క్రిమి బతుకుతుంది. ఇది పోగొట్టుకుని బతకడమే.

అయితే అన్నీ అలాంటివి కావు. టెమ్-1 అనే బీటా లాక్టమేజ్ ఎంజైమ్ పెన్సిలిన్‌ను విరగ్గొడుతుంది. సెఫొటాక్సిమ్ అనే తర్వాతి తరం మందు మీద మాత్రం దానికి పెద్దగా పట్టు లేదు. ఆ ఎంజైమ్ జన్యువులో ఐదు మార్పులు కలిసి వస్తే సెఫొటాక్సిమ్‌ను తట్టుకునే శక్తి సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. అది చెడిపోవడం ఎలా అవుతుంది? ఎంజైమ్ కొత్త మందును విరగ్గొట్టడం నేర్చింది. ఐదు మార్పులు ఏ వరసలో రావచ్చో లెక్కేస్తే 120 దారులు. 2006లో డేనియల్ వైన్‌రైక్ బృందం ఆ దారుల్లో మెట్టుమెట్టుకూ లాభం ఎక్కడుందో పరీక్షిస్తే, ప్రకృతి వరణం నడవగలిగేవి 18 మాత్రమే అని తేలింది. పరిణామం "ఏదైనా జరగొచ్చు" అనే సిద్ధాంతం కాదనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. ఏ దారి మూసుకుపోయిందో కూడా అది చెప్తుంది.

ఇంకోటి, రిచర్డ్ లెన్‌స్కీ ప్రయోగం. 1988 ఫిబ్రవరిలో ఒకే ఈ.కోలై నుంచి 12 ఫ్లాస్కుల్లో మొదలుపెట్టారు. రోజూ ఒక శాతాన్ని కొత్త ద్రవంలోకి మారుస్తారు, 500 తరాలకోసారి నమూనా ఫ్రీజర్‌లో దాస్తారు. ఆ ద్రవంలో సిట్రేట్ అనే పదార్థం ఉంటుంది గానీ, గాలి ఉన్నప్పుడు ఈ.కోలై దాన్ని తినలేదు. అది ఈ.కోలైని గుర్తుపట్టే లక్షణాల్లో ఒకటి. సుమారు 31 వేల తరాల తర్వాత ఒక్క ఫ్లాస్కులో సిట్రేట్ తినేవి వచ్చాయి. జన్యువులను చదివి చూస్తే, సిట్రేట్‌ను లోపలికి తెచ్చే జన్యువు రెండు కాపీలై, కొత్త కాపీ గాలిలోనూ పనిచేసే స్విచ్ పక్కకు చేరింది. జన్యువు కాపీ అవడం, కాపీ కొత్త పనికి మళ్లడం: కొత్త సామర్థ్యాలు పుట్టే పెద్ద దారి ఇదే.

ఫ్రీజర్‌లోని పాత తరాలను కరిగించి మళ్లీ పరుగెత్తిస్తే ఇంకో సంగతి తెలిసింది. మరీ తొలి తరాల నుంచి సిట్రేట్ తినేవి రాలేదు, తర్వాతి తరాల నుంచి వచ్చాయి. అంటే మధ్యలో వచ్చిన కొన్ని మార్పులు దీనికి బాట వేశాయి. జరిగిన చరిత్ర కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

#6 నిజం_కావాలి

రవి గారూ, వివరంగా రాసినందుకు థాంక్స్. ఇంకో సందేహం. కెనడాలో యూకాన్ ప్రాంతంలో 30 వేల ఏళ్ల నాటి మంచు మట్టిలో యాంటీబయాటిక్స్‌కు లొంగని జన్యువులు దొరికాయని 2011లో వచ్చింది. మనిషి మందులు తయారుచేయకముందే అవి ఉన్నాయంటే, కొత్తగా ఏదీ పుట్టనట్టేగా? ఉన్నదే ఇప్పుడు బయటపడింది.

#7 మైక్రో_మాధవి

ఆ పరిశోధన నిజమే, చాలా ముఖ్యమైనది కూడా. పెన్సిలిన్ బూజు నుంచి, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మట్టి బాక్టీరియా నుంచి వచ్చినవే. మట్టిలో ఒకదాన్నొకటి చంపుకోవడం కోట్ల ఏళ్లుగా ఉన్న వ్యవహారం. కాబట్టి వాటిని తట్టుకునే జన్యువులూ అంత పాతవే. అవి రోగాలు తెచ్చే బాక్టీరియాలోకి ఎలా చేరాయన్నది మన కాలపు కథ.

కానీ సిప్రోఫ్లోక్సాసిన్ సంగతి చూడండి. క్వినలోన్ మందులు ఏ మట్టిలోనూ పుట్టలేదు. రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చేసినవి, 1960లలో వాడకంలోకి వచ్చిన నాలిడిక్సిక్ ఆసిడ్‌తో మొదలు. అవి బాక్టీరియా డీఎన్ఏ మెలికలను సరిచేసే జైరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటాయి. ఈ.కోలైలో జైరేజ్ 83వ స్థానంలో ఉండే సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసిన్ అనేది వస్తే చాలు, మందు పట్టు సడలుతుంది. ఎంజైమ్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. వేర్వేరు దేశాల్లో, సంబంధం లేని రోగుల్లో, మళ్లీ మళ్లీ అదే చోట మార్పు వస్తోంది. అన్నీ ఒక్క పాత నిల్వ నుంచి వచ్చినవైతే చుట్టుపక్కల డీఎన్ఏ కూడా ఒకేలా ఉండాలి. అలా లేదు.

#8 వార్డు_డాక్టర్

నేను ఛాతీ వైద్య విభాగంలో పనిచేస్తాను. పరిణామం తెలియకుండా మా విభాగంలో మందుల చీటీ రాయలేం. ఎందుకో చెప్తాను.

టీబీకి తొలి మందు స్ట్రెప్టోమైసిన్. 1948లో ప్రచురించిన బ్రిటిష్ ట్రయల్‌లో రోగులు మొదట బాగా కోలుకున్నారు. కొన్ని నెలల్లో చాలామందిలో క్రిములు ఆ మందుకు లొంగడం మానేశాయి. అప్పటినుంచి ఒంటరి మందు ఇవ్వకూడదని అర్థమైంది. లెక్క ఇలా ఉంటుంది: ఐసోనియజిడ్‌ను తట్టుకునే క్రిమి సహజంగా సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌ను తట్టుకునేది సుమారు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో గుంట పడిన రోగిలో క్రిములు కోట్లలో ఉంటాయి. ఒక్క మందే ఇస్తే, తట్టుకునేది అప్పటికే లోపల ఉన్నట్టే. రెండూ కలిపిస్తే, రెండింటినీ తట్టుకునేది కోటి కోట్లలో ఒకటి. అంత సంఖ్యలో క్రిములు రోగి ఒంట్లో ఉండవు. మాధవి గారు చెప్పిన లూరియా లెక్క మీదే ఈ వైద్యం నిలబడింది. రోజూ మా రోగులు మింగే నాలుగు మందుల మాత్ర వెనుక ఉన్నది అదే.

అందుకే "నీరసంగా ఉంది, రెండు మాత్రలు ఆపేశా" అని ఎవరైనా చెప్తే నాకు గుండె దడ వస్తుంది. మందులన్నీ కలిసి పనిచేస్తేనే ఆ లెక్క నిలుస్తుంది.

#9 వేణు_వరంగల్

డాక్టర్ గారూ, "కోర్సు పూర్తిగా వాడాలి" అన్నది అన్ని యాంటీబయాటిక్స్‌కీ వర్తిస్తుందా? ఎక్కువ రోజులు వాడితేనే రెసిస్టెన్స్ (మందుకు లొంగనితనం) పెరుగుతుందని ఎక్కడో చదివాను. ఏది నిజం?

#10 వార్డు_డాక్టర్

వేణు గారూ, 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇదే చర్చ వచ్చింది. టీబీలో క్రిమి మెల్లగా పెరుగుతుంది, ఒంట్లోనే మార్పు వచ్చి లొంగనిదవుతుంది. అక్కడ కోర్సు తప్పనిసరి. మూత్రనాళం, గొంతు, న్యుమోనియా లాంటి వాటిలో సంగతి వేరు. మందు వాడిన ప్రతి రోజూ మన పేగుల్లో, చర్మం మీద హాయిగా ఉండే బాక్టీరియా మీద కూడా ఒత్తిడి పడుతుంది. రెసిస్టెన్స్ చాలావరకు అక్కడ పెరుగుతుంది. అందుకే చాలా జబ్బులకు ఇప్పుడు తక్కువ రోజుల కోర్సులే సరిపోతాయని ట్రయల్స్ తేల్చాయి. ఎన్ని రోజులన్నది మాత్రం మీ డాక్టర్ చెప్పాలి. జ్వరం తగ్గింది కదా అని ఎవరికి వారు ఆపేయమని నా అర్థం కాదు.

జలుబుకి మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ స్ట్రిప్ అడిగి తెచ్చుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే. జలుబు వైరస్ వల్ల వస్తుంది.

#11 భీమవరం_శ్రీను

మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది, 1948లో. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. దాన్ని కోళ్లకు పెట్టడం కూడా అక్కడే మొదలైందని విన్నాను. ఎవరికైనా తెలుసా?

#12 మైక్రో_మాధవి

నిజమే శ్రీను గారూ. లెడర్లీలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ 1940ల చివర్లో, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థం మేతలో కలిపితే కోళ్లు బరువు పెరుగుతాయని చూశారు. అప్పటినుంచి రోగం లేని కోళ్లకూ యాంటీబయాటిక్ మేత పెట్టడం ప్రపంచమంతా పాకింది.

1976లో స్టువర్ట్ లెవీ బృందం అచ్చువేసిన అధ్యయనం చదివితే దాని ఫలితం తెలుస్తుంది. మసాచుసెట్స్‌లో ఒక కోళ్ల ఫారంలో ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టారు. వారాల్లోనే కోళ్ల పేగుల్లో బాక్టీరియా టెట్రాసైక్లిన్‌కు లొంగడం మానేసింది. తర్వాత, వాటికి పెట్టని మందులకు కూడా. కొన్ని నెలల్లో ఆ ఫారం కుటుంబసభ్యుల్లోనూ అలాంటివే కనిపించాయి, వాళ్లు ఆ మందులు మింగకపోయినా. దీనికి కారణం ప్లాస్మిడ్లు. ఇవి చిన్న డీఎన్ఏ చుట్టలు. ఒకదాని మీదే నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఉండొచ్చు, ఒక బాక్టీరియా నుంచి ఇంకో జాతి బాక్టీరియాకూ వెళ్లొచ్చు. 1950లలో జపాన్‌లో జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లాలో ఇది మొదట బయటపడింది.

#13 పటాన్‌చెరు_నివాసి

మా వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నీళ్లు అక్కడికి చేరేవి. శుద్ధి అయ్యాక కూడా ఒక లీటరులో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాగుల్లో అది రాత్రీ పగలూ పారితే అక్కడ ఏ బాక్టీరియా మిగులుతుందో పై పోస్టులు చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు.

వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ పరిమితులపై మన కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల ఫ్యాక్టరీల నీటి గురించి మార్గదర్శకాలు తెచ్చింది. ప్రపంచానికి చవకగా మందులు ఇస్తున్నామని గర్వపడే ఊళ్లో వాగు పక్కన ఉండేవాళ్ల గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. ఇది సైన్స్ చర్చే, నాకు మాత్రం ఇంటి సమస్య.

#14 వేణు_వరంగల్

పటాన్‌చెరు అన్నతో నూరు శాతం ఏకీభవిస్తున్నా.

#15 నిజం_కావాలి

ప్రకృతి వరణం బాక్టీరియాలో జరుగుతుందన్నది ఇక్కడ చెప్పినవాటితో నిలబడింది. నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. దీన్నుంచి "అన్ని జీవులకూ ఒకే మూలం" అన్నదాకా ఎలా దూకుతారు?

#16 జన్యు_రవి

దూకకూడదు. ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను. లొంగని బాక్టీరియాను చూపించి తిమింగలం ఎలా వచ్చిందో రుజువైందనడం సరికాదు. రెసిస్టెన్స్ చూపించేది పరిణామం పనిచేసే తీరు. ఉమ్మడి మూలానికి సాక్ష్యాలు వేరే ఉన్నాయి.

తిమింగలాల సంగతే తీసుకుంటే, భారత భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూ కశ్మీర్‌లో కాలాకోట్ దగ్గర సేకరించిన రాళ్లలోంచి ఇండోహ్యూస్ శిలాజాలు బయటపడ్డాయి. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి, పిల్లి సైజు గిట్టల జంతువు. దాని చెవి ఎముకలో తిమింగలాల్లో మాత్రమే కనిపించే మందపాటి గోడ ఉంది. 2007లో హాన్స్ తెవిసెన్ బృందం దీన్ని ప్రకటించింది. ఇక మన ఒంట్లో చూస్తే, విటమిన్ సి తయారుచేసే చివరి ఎంజైమ్ జన్యువు చెడిపోయి అలాగే పడి ఉంది. చింపాంజీలో, మిగతా వానరాల్లోనూ అదే జన్యువు చెడిపోయి ఉంది, చాలా లోపాలు మనవాటితో కలుస్తాయి. గినీ పంది కూడా విటమిన్ సి చేసుకోలేదు, కానీ దాని జన్యువు విడిగా, వేరే తీరులో చెడింది.

రెసిస్టెన్స్‌నూ ఉమ్మడి మూలాన్నీ కలిపేది ఒకటుంది. 2011లో అమెరికాలో బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థ) ఆసుపత్రిలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా 18 మందికి సోకింది, 11 మంది చనిపోయారు, అందులో ఆరు మరణాలకు ఆ ఇన్ఫెక్షనే కారణం. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తేల్చడానికి ఒక్కో రోగిలోని బాక్టీరియా జన్యుక్రమం మొత్తం చదివి, ఎవరికి ఏ మార్పులు ఉమ్మడిగా ఉన్నాయో చూసి వంశవృక్షం గీశారు. ఉమ్మడి మార్పులుంటే ఉమ్మడి పూర్వీకులు. జాతుల వంశవృక్షం గీసేదీ ఇదే సూత్రంతో. ఆసుపత్రిలో దీన్ని నమ్మి ప్రాణాలు కాపాడుకుంటున్నాం. మనిషి, చింపాంజీల దగ్గరికి వచ్చేసరికి అదే సూత్రం పనిచేయదనాలంటే, ఎక్కడ, ఎందుకు ఆగిపోతుందో చూపించాలి.

#17 నిజం_కావాలి

ఆసుపత్రి ఉదాహరణ గట్టిది. విటమిన్ సి జన్యువు గురించి విడిగా చదువుతాను. గినీ పంది విషయం నాకు ఆసక్తిగా ఉంది, దాని మీద కొత్త థ్రెడ్ పెడతా.

#18 పాలకొల్లు_ప్రసాద్

అందరికీ కృతజ్ఞతలు. మావాడికి మొదట ఏది చూపించమంటారు? శ్రీను గారు, పటాన్‌చెరు వారు రాసినవి చదివాక ఇంకో ప్రశ్న వచ్చింది. ఇప్పుడు మందుల వాడకం తగ్గిస్తే, లొంగని బాక్టీరియా మళ్లీ తగ్గుతుందా?

#19 మైక్రో_మాధవి

బాబుకి మైఖేల్ బేమ్, రాయ్ కిషోనీ బృందం 2016లో హార్వర్డ్‌లో తీసిన వీడియో చూపించండి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న ప్లేటు. అంచుల్లో మందు లేదు, మధ్యకు వెళ్లేకొద్దీ మోతాదు పది, వంద, వెయ్యి రెట్లు పెరుగుతుంది. ఈ.కోలై ఒక్కో గీత దగ్గర ఆగుతుంది, ఏదో ఒక చోట లొంగనిది పుట్టి గీత దాటి విసనకర్రలా పరుచుకుంటుంది. పదకొండు రోజుల్లో వెయ్యి రెట్ల మోతాదు దాకా చేరుతుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు మందును బట్టి, జన్యువును బట్టి మారుతుంది. ఫిన్లాండ్‌లో 1990ల మొదట్లో ఎరిత్రోమైసిన్ కుటుంబం మందులు తగ్గించారు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్‌లో రెసిస్టెన్స్ 1992లో 16.5 శాతం ఉన్నది 1996కి 8.6 శాతానికి దిగింది. అదే దశాబ్దంలో బ్రిటన్‌లో సల్ఫా మందుల వాడకం దాదాపు ఆగిపోయినా, ఈ.కోలైలో వాటిని తట్టుకునే శక్తి తగ్గలేదు. ఆ జన్యువు ఉన్న ప్లాస్మిడ్ మీదే ఇంకా వాడకంలో ఉన్న మందులను తట్టుకునే జన్యువులూ ఉన్నాయి. ఒకదాన్ని మోస్తే ఇంకోటీ వస్తుంది. లొంగనితనం వల్ల బాక్టీరియాకు కలిగే నష్టాన్ని తర్వాత వచ్చే ఇంకో మార్పు పూడ్చేయడం కూడా ఉంటుంది.

శ్రీను గారికి దగ్గరగా ఉండేది కొలిస్టిన్ సంగతి. ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు వాడే చివరి మందుల్లో అదొకటి. దాన్నే పశువుల మేతలో పెట్టేవారు. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ప్లాస్మిడ్ మీద తిరుగుతోందని 2015లో చైనాలో బయటపడింది. 2017లో చైనా మేతలో కొలిస్టిన్ ఆపేసింది. తర్వాత రెండుమూడేళ్లలోనే పందుల్లోనూ మనుషుల్లోనూ ఆ జన్యువు ఉన్న ఈ.కోలై బాగా తగ్గింది. మన దేశంలో కోళ్లకు, పశువులకు, ఆక్వాకు, మేతకు కొలిస్టిన్‌ను 2019 జూలైలో నిషేధించారు. మీ చెరువుకు మందు కొనేటప్పుడు డబ్బా మీద పేరు ఏదున్నా, లోపల ఏ మందు ఉందో చదివి, ల్యాబ్‌లో రోగం తేలాకే తీసుకోండి. వైరస్ అని తేలితే యాంటీబయాటిక్ జోలికి వెళ్లకండి.